నైట్రస్ ఆక్సైడ్‌ను ఇంకెన్నాళ్లు గుమ్మం బయట నిలబెడతారు? – మాంట్రియల్ ఒప్పంద పక్షాలకు బహిరంగ లేఖ

మాంట్రియల్ ఒప్పందంలోని 198 పక్షాల ప్రతినిధులకు,

నమస్కారం.

ఓజోన్ పొరను కాపాడేందుకు మీరు నియంత్రిస్తున్న పదార్థాల జాబితా చాలా పొడుగు. క్లోరోఫ్లోరోకార్బన్లు, హాలాన్లు, కార్బన్ టెట్రాక్లోరైడ్, మిథైల్ బ్రోమైడ్, ఇంకా ఎన్నో. 2016లో కిగాలీలో కూర్చుని హైడ్రోఫ్లోరోకార్బన్లను కూడా అందులో చేర్చారు. అవి ఓజోన్ జోలికి దాదాపుగా పోనివి. భూమిని వేడెక్కిస్తున్నాయన్న కారణంతో చేర్చారు, మంచి పని చేశారు. కానీ ఓజోన్‌నూ తిని, భూమినీ వేడెక్కించే నైట్రస్ ఆక్సైడ్ ఆ జాబితాలో నేటికీ లేదు. మీ ఒప్పందానికి మూలమైన 1985 నాటి వియన్నా కన్వెన్షన్ మొదటి అనుబంధం తెరిచి చూడండి. ఓజోన్ పొరను మార్చగల పదార్థాల వరుసలో దాని పేరు అచ్చయి ఉంది. కాబట్టి తెలియక వదిలేశామని అనడానికి లేదు. దాన్ని ఇప్పుడైనా చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం.

నాకు దౌత్యం తెలియదు. కాంతి అణువులను ఎలా విడగొడుతుందో పాఠం చెప్పుకునే మనిషిని. ఈ వాయువు మీద జరిగే చర్చలు ఎరువుల దగ్గరో, టన్నుల దగ్గరో మొదలై అక్కడే ఆగిపోవడం చూస్తుంటాను. నేలకు ముప్పై కిలోమీటర్ల పైన ఆ అణువుకు ఎండ తగిలితే ఏమవుతుందో ఎవరూ తీరిగ్గా చెప్పుకోరు. నా దృష్టిలో వాదన బలమంతా అక్కడే ఉంది. అందుకని పైనుంచే మొదలుపెడతాను, కొంచెం ఓపిక పట్టండి.

నేల దగ్గర నైట్రస్ ఆక్సైడ్ మహా సాధువు. 1772లో ప్రీస్ట్లీ కనిపెట్టిన ఈ వాయువును ఆస్పత్రుల్లో మత్తు కోసం మనుషులకే పీల్పించారు. ఇది వానలో కరిగి దిగిపోదు. గాలిని శుభ్రం చేసే హైడ్రాక్సిల్ అనే చురుకైన ముక్క మీథేన్‌ను పదేళ్లు, పన్నెండేళ్లలో కాల్చేస్తుంది గానీ దీన్ని ముట్టదు. నేలా, సముద్రమూ అక్కడక్కడా కొంచెం పీల్చుకున్నా అది లెక్కలోకి రాదు. ఒకసారి గాలిలో కలిసిందంటే కింది పొరలో దాన్ని పట్టుకునే నాథుడే లేడు. మిగిలింది ఎండ ఒక్కటే.

ఆ ఎండ కూడా మనం చూసే ఎండ కాదు. నైట్రస్ ఆక్సైడ్ అణువులో రెండు నైట్రోజన్లు, ఒక ఆక్సిజన్ ఒకే గీత మీద వరుసగా ఉంటాయి. చివరి ఆక్సిజన్‌ను పట్టుకున్న బంధం నిజానికి బలహీనమైనదే. శక్తి లెక్క ఒక్కటే చూస్తే 740 నానోమీటర్ల ఎర్రటి కాంతి కూడా దాన్ని తెంచగలగాలి. అలా తెంచగలిగితే ఈ వాయువు నేల మీదే, పట్టపగలే చెదిరిపోయేది, నేను ఈ ఉత్తరం రాసేవాణ్నీ కాను. అయితే అణువును విడగొట్టడానికి కాంతిలో శక్తి ఉన్నంత మాత్రాన సరిపోదు, అణువు ఆ కాంతిని లోపలికి తీసుకోవాలి. ఎర్ర కాంతినీ, నీలి కాంతినీ, మన చర్మాన్ని కమిలించే అతినీలలోహితాన్నీ నైట్రస్ ఆక్సైడ్ అసలు తీసుకోదు. అవన్నీ దాని పక్కనుంచి వెళ్లిపోతాయి. తరంగదైర్ఘ్యం 220 నానోమీటర్ల కిందికి వస్తే గానీ చెప్పుకోదగ్గంతగా గ్రహించదు, అప్పుడైనా బాగా మందకొడిగానే.

ఇప్పుడు చిక్కు చూడండి. అంత పొట్టి తరంగాలు కిందికి రావు. 242 నానోమీటర్ల కన్నా పొట్టివి ఆక్సిజన్ అణువును రెండుగా చీలుస్తాయి. ఆ పరమాణువులు మరో ఆక్సిజన్ అణువుతో కలిసి ఓజోన్ అవుతాయి. 1930లో సిడ్నీ చాప్‌మన్ చెప్పిన కథ ఇదే. పుట్టిన ఓజోన్ 200 నుంచి 310 నానోమీటర్ల దాకా ఉన్న కాంతిని మింగుతుంది, అందులోనూ 255 దగ్గర దాని ఆకలి మరీ ఎక్కువ. 200కు దిగువన ఆక్సిజన్ తానే గట్టిగా అడ్డుపడుతుంది. ఈ రెండిటి మధ్య, 200 నానోమీటర్లకు అటూ ఇటూగా, ఒక సన్నని సందు ఉంది. అక్కడ ఆక్సిజన్ పట్టు సడలుతుంది, ఓజోన్ పట్టు ఇంకా బిగుసుకోదు. ఆ సందులోంచి కొంచెం వెలుతురు, ఓజోన్ ఉండే పై పొర అయిన స్ట్రాటో ఆవరణం నడుమ దాకా జారుతుంది. నైట్రస్ ఆక్సైడ్‌ను విడగొట్టేది ఆ కాస్త వెలుతురే. మీరు ముప్పై ఏళ్లకు పైగా పోరాడిన క్లోరోఫ్లోరోకార్బన్లను విడగొట్టేది కూడా అదే. 1974లో మొలీనా, రోలండ్ లోకానికి చెప్పింది ఈ సందు గురించే: కింద ఏమీ కాని అణువులు ఈ వెలుతురు దాకా ఎక్కి, అక్కడ చీలి క్లోరిన్‌ను వదులుతాయని.

అక్కడి దాకా ఎక్కడమూ తేలిక కాదు. కింది గాలి స్ట్రాటో ఆవరణంలోకి చేరేది ముఖ్యంగా భూమధ్యరేఖకు ఇరువైపులా ఉన్న ఉష్ణమండలం మీదుగా. 16, 17 కిలోమీటర్ల ఎత్తు దాటాక ఆ పైకి పోయే వేగం నెలకు ఒక కిలోమీటరు మాదిరిగా ఉంటుంది. సందులోంచి దిగే వెలుతురు బాగా తగిలేది 25 నుంచి 40 కిలోమీటర్ల మధ్య. అక్కడికి చేరిన గాలి కొంత నైట్రస్ ఆక్సైడ్‌ను పోగొట్టుకుని, ధ్రువాల వైపు జరిగి, మెల్లగా కిందికి దిగుతుంది. ఈ చుట్టు పూర్తి కావడానికి ఏళ్లు పడుతుంది. పైగా వాతావరణంలోని మొత్తం గాలిలో ఏ కాలంలోనైనా అంత ఎత్తుకు చేరేది చాలా చిన్న భాగం.

ఇక లెక్కలు. వాతావరణంలో ఉన్న నైట్రస్ ఆక్సైడ్‌ను నైట్రోజన్ బరువులో చెప్పుకుంటే దాదాపు 160 కోట్ల టన్నులు. వెలుతురు ఏడాదికి తీసేయగలిగేది సుమారు కోటీ ముప్పై లక్షల టన్నులు, అంటే నూటికి ఒకటి కూడా కాదు. పెద్ద చెరువుకు ఒకే ఒక్క చిన్న తూము ఉన్నట్టు. ఈ వాయువు సగటు ఆయుష్షు సుమారు 116 ఏళ్లు అని శాస్త్రవేత్తలు అంటున్నది ఇందుకే. ఈ రోజు ఒక కర్మాగారం గొట్టంలోంచి వెళ్లిన అణువుల్లో మూడో వంతుకు పైగా 116 ఏళ్ల తర్వాత కూడా గాలిలోనే ఉంటాయి. పారిశ్రామిక యుగానికి ముందు ప్రతి వంద కోట్ల గాలి అణువుల్లో నైట్రస్ ఆక్సైడ్ అణువులు 270 ఉండేవని మంచు పొరల్లో చిక్కుకున్న పాత గాలి చెబుతోంది. 2023లో అవి దాదాపు 337. ఏటా ఒకటి, ఒకటింబావు చొప్పున ఎక్కుతూనే ఉన్నాయి.

నా విద్యార్థులు ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా వేస్తారు, మీకూ తట్టే ఉంటుంది. వెలుతురు విడగొడితే వాయువు పోయినట్టే కదా, ఇంక గొడవేముంది?

గొడవంతా ఎలా విడిపోయింది అన్నదానిలో ఉంది. పోయే నైట్రస్ ఆక్సైడ్‌లో నూటికి 90 వంతుల దాకా నేరుగా కాంతి తగిలి నైట్రోజన్ అణువుగా, ఆక్సిజన్ పరమాణువుగా విడిపోతుంది. నైట్రోజన్ వల్ల ఎవరికీ హాని లేదు. మిగిలిన పది వంతులూ కాంతికి కాకుండా, ఉత్తేజిత ఆక్సిజన్ పరమాణువుకు దొరుకుతాయి. ఆ పరమాణువు ఎక్కడిది? ఓజోన్ అణువును అతినీలలోహిత కాంతి చీల్చినప్పుడు పుట్టింది. అది నైట్రస్ ఆక్సైడ్‌ను గుద్దుకున్నప్పుడు సగానికి పైగా సందర్భాల్లో రెండు నైట్రిక్ ఆక్సైడ్ అణువులు పుడతాయి. స్ట్రాటో ఆవరణంలో ఓజోన్‌ను నాశనం చేసే నైట్రోజన్ ఆక్సైడ్లకు ప్రధానమైన పుట్టుక ఇదే. ఓజోన్ ముక్కే తన శత్రువును తయారుచేస్తోందన్నమాట. రసాయన శాస్త్రంలో ఇంతకన్నా చేదు ముచ్చట నాకు ఇంకొకటి తెలియదు.

తర్వాతది 1970లో పాల్ క్రుట్జెన్ చూపించాడు. నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్ నుంచి ఒక ఆక్సిజన్‌ను లాక్కుని నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ డయాక్సైడ్ ఒక ఆక్సిజన్ పరమాణువును కలిసి, మళ్లీ నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి కూర్చుంటుంది. అది మాత్రం ఖర్చు కాదు. ఒక ఓజోన్ పోయింది, మరో ఓజోన్ కావలసిన పరమాణువూ పోయింది. ఉత్ప్రేరకం చేసే పని ఇలాగే ఉంటుంది. ఈ పనికే 1995లో మొలీనా, రోలండ్‌లతో పాటు ఆయనకూ నోబెల్ వచ్చింది. ఆ ముగ్గురిలో ఇద్దరు చెప్పినదాన్ని మీరు చట్టం చేశారు, మూడో ఆయన చెప్పినదాన్ని పక్కన పెట్టారు.

ఎండను మరీ విలన్‌ను చేయకుండా ఇంకో మాట కూడా చెప్పాలి. నైట్రోజన్ డయాక్సైడ్‌ను పగటి వెలుతురు, 400 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతి కూడా, ఇట్టే విడగొడుతుంది. అప్పుడు విడివడిన ఆక్సిజన్ మళ్లీ ఓజోన్ అవుతుంది. అలా జరిగినప్పుడల్లా పోయిన ఓజోన్ తిరిగొచ్చినట్టే. కాబట్టి ప్రతి నైట్రోజన్ డయాక్సైడ్ అణువు ముందూ రెండు దారులుంటాయి: కాంతికి దొరికితే ఓజోన్ బతుకుతుంది, ఆక్సిజన్ పరమాణువుకు దొరికితే చస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ ఆక్సిజన్ పరమాణువులు ఎక్కువ గనక నష్టం అక్కడే ఎక్కువ. ఇంకా పైకి వెళ్తే 183, 191 నానోమీటర్ల దగ్గరి కాంతి నైట్రిక్ ఆక్సైడ్‌నే విడగొట్టేస్తుంది. అలా పుట్టిన నైట్రోజన్ పరమాణువు మరో నైట్రిక్ ఆక్సైడ్‌ను కలిసి మామూలు నైట్రోజన్ అవుతుంది. పై పొరల్లోనే ఈ ఆక్సైడ్లను మట్టుపెట్టే దారి అదొక్కటే. తక్కినవి నైట్రిక్ ఆమ్లంగా మారి కిందికి దిగి, వానలో కలవాల్సిందే.

ఇంతటి సూక్ష్మమైన బేరీజును నమ్మి చట్టం చేయవచ్చా అని మీలో న్యాయశాస్త్రం తెలిసినవారికి అనుమానం రావచ్చు. మీ ఒప్పందం నిలబడిందే ఇలాంటి కొలతల మీద. అంటార్కిటికా ఓజోన్ రంధ్రానికి కీలకం రెండు క్లోరిన్ మోనాక్సైడ్లు కలిసిన ఒక అణువు. వసంతంలో తొలి ఎండకు అది విడిపోతేనే ఓజోన్ నాశనం జరుగుతుంది. 2007లో ఒక ప్రయోగశాల ఆ అణువు కాంతిని తీసుకునే సామర్థ్యం మనం అనుకున్నదానికన్నా చాలా తక్కువ అని ప్రచురించింది. అదే నిజమైతే రంధ్రానికి మనం చెప్పుకున్న కారణమే కూలిపోతుంది. అప్పుడు శాస్త్రవేత్తలు దాన్ని తొక్కిపెట్టలేదు. వేరే ప్రయోగశాలలు వేరే పద్ధతుల్లో కొలిచాయి. 2009 నాటికి ఆ తక్కువ విలువలు నిలవవనీ, పాత అవగాహన సరైనదేననీ తేలింది. నైట్రస్ ఆక్సైడ్ కాంతిని తీసుకునే తీరు దీనికన్నా ఎన్నో ఏళ్లుగా, ఎన్నో చోట్ల కొలిచినది. దాని విషయంలో అంత దుమారం రేగే అవకాశం లేదు.

2009లోనే రవిశంకర, డేనియల్, పోర్ట్‌మన్ సైన్స్ పత్రికలో ఒక లెక్క వేశారు. ఓజోన్‌ను పాడుచేసే శక్తిలో, బరువుకు బరువు చూస్తే, క్లోరోఫ్లోరోకార్బన్-11ను ఒకటి అనుకుంటే నైట్రస్ ఆక్సైడ్ 0.017 మాత్రమే. అంకె చూసి తీసిపారేయబుద్ధి అవుతుంది. కానీ మనిషి వదిలే పరిమాణంతో హెచ్చవేస్తే, ఆనాటికి వెలువడుతున్న ఓజోన్ నాశక పదార్థాలన్నిటిలోనూ మొదటి స్థానం దానిదే అయింది. ఈ శతాబ్దమంతా అలాగే ఉండబోతోందని కూడా వాళ్లు చెప్పారు. మొదటి స్థానం దానికి రావడంలో మీ విజయం పాత్రా ఉంది. మీరు మిగతావాటిని తగ్గించారు, ఇది మిగిలిపోయింది.

ఇంకొక మెలిక ఉంది, నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. నైట్రోజన్ డయాక్సైడ్ ఇవాళ క్లోరిన్‌కు కొంత సంకెల కూడా వేస్తోంది. క్లోరిన్ మోనాక్సైడ్‌తో కలిసి క్లోరిన్ నైట్రేట్‌గా మారి, రెండూ కాసేపు పనిచేయకుండా పడి ఉంటాయి. ధ్రువ ప్రాంతపు మేఘాలు లేనిచోట ఇది ఓజోన్‌కు మేలే. అందుకని నైట్రస్ ఆక్సైడ్‌ను తగ్గిస్తే క్లోరిన్ రెచ్చిపోదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే క్లోరిన్ తగ్గుముఖం పట్టింది. 2022 శాస్త్రీయ అంచనా ప్రకారం ఇప్పటి విధానాలే కొనసాగితే ఓజోన్ 1980 నాటి స్థాయికి ప్రపంచంలో ఎక్కువ భాగం మీద 2040 ప్రాంతంలో, ఆర్కిటిక్ మీద 2045 ప్రాంతంలో, అంటార్కిటికా మీద 2066 ప్రాంతంలో చేరుతుంది. క్లోరిన్ తగ్గేకొద్దీ ఈ సంకెల అవసరమూ తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లకు మాత్రం ఓజోన్‌ను తినడానికి చేతులు ఖాళీ అవుతాయి. మనం ఈ రోజు వదిలే నైట్రస్ ఆక్సైడ్ సరిగ్గా ఆ కాలానికే పైన పోగుపడి ఉంటుంది. దాని ఆయుష్షు 116 ఏళ్లని మరోసారి గుర్తుచేయాల్సి వస్తోంది.

కార్బన్ డయాక్సైడ్ పెరిగి స్ట్రాటో ఆవరణం చల్లబడితే ఓజోన్‌ను తినే చర్యలు మందగిస్తాయి, కాబట్టి ఓజోన్ కొంత పెరుగుతుంది అనే మాట కూడా వింటాం. నిజమే. ఒక కాలుష్యం చేసే తప్పును ఇంకో కాలుష్యం కప్పిపెడుతుందని నమ్ముకుని కూర్చోవడం మీ ఒప్పందం పుట్టిన తీరుకే తగదు.

మీరు చెప్పబోయే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. మొదటిది: ఇది వాతావరణ మార్పుల ఒప్పందం కిందికి వస్తుంది, మాకెందుకు? 1997 నాటి క్యోటో జాబితాలో నైట్రస్ ఆక్సైడ్ ఉంది, నిజమే. అదే జాబితాలో హైడ్రోఫ్లోరోకార్బన్లు కూడా ఉన్నాయి. అయినా మీరు వాటిని తెచ్చుకున్నారు, ఎందుకంటే అక్కడ పని జరగలేదు, మీ దగ్గర జరుగుతుందని తెలుసు. ఓజోన్‌కు హాని చేయనిదాన్ని రానిచ్చి, హాని చేసేదాన్ని అక్కడికి పొమ్మనడం ఏం న్యాయం? వాళ్లు కార్బన్ డయాక్సైడ్‌తోనే సతమతమవుతూ దీన్ని చివరి వరుసలో కూర్చోబెట్టారు, మీరు గుమ్మంలోనే ఆపారు. నైట్రస్ ఆక్సైడ్ రెంటికీ చెడ్డ రేవడి అయింది.

రెండోది, బరువైనది: తిండి. మనిషి వల్ల వెలువడే నైట్రస్ ఆక్సైడ్‌లో దాదాపు నాలుగింట మూడొంతులు వ్యవసాయం నుంచే. మొక్క తినగా మిగిలిన నైట్రోజన్ ఎరువును, పశువుల పేడను నేలలోని సూక్ష్మజీవులు మార్చే దారిలో ఇది బయటికి పోతుంది. 1980కీ 2020కీ మధ్య మనిషి వల్ల వచ్చే ఉద్గారాలు 40 శాతం పెరిగాయి. ఎరువును క్లోరోఫ్లోరోకార్బన్‌లా ఫలానా ఏటికల్లా నిషేధిస్తామంటే ఎవరూ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. రైతు మీద కేసులు పెట్టే ఒప్పందాన్ని నేను అడగడం లేదు. వాడిన నైట్రోజన్‌లో ఎంత పంటలోకి వెళ్లింది, ఎంత గాలిపాలైంది అన్న లెక్కను దేశాలు మీకు అప్పగించడం, ఆ నష్టాన్ని తగ్గించే పద్ధతులకు మీ బహుళపక్ష నిధిలాంటి దానిలోంచి సాయం అందడం – వ్యవసాయం విషయంలో మొదటి పదేళ్లకు ఇంతే చాలు.

పరిశ్రమల సంగతి వేరు. దాని వాటా చిన్నదే, కానీ అక్కడ ఏ సాకూ లేదు. నైలాన్ 6,6 తయారీకి కావలసిన అడిపిక్ ఆమ్లాన్నే తీసుకోండి. నైట్రిక్ ఆమ్లంతో ఆక్సీకరణం చేసి దాన్ని తయారుచేసేటప్పుడు, పట్టుకునే ఏర్పాటు లేకపోతే ఒక టన్ను ఆమ్లానికి దాదాపు 300 కిలోల నైట్రస్ ఆక్సైడ్ గొట్టంలోంచి పోతుంది. వందేళ్ల లెక్కన ఈ వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు వేడెక్కిస్తుంది. అంటే ఒక టన్ను సరుకు వెనక 82 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన పొగ. దాన్ని వేడితోనో, ఉత్ప్రేరకంతోనో గొట్టం లోపలే నైట్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొట్టే పద్ధతులు 1990ల నుంచీ నడుస్తున్నాయి, 90 శాతానికి పైగా పోతుంది. నైట్రిక్ ఆమ్లం తయారీలోనూ అంతే. అమ్మోనియాను ప్లాటినం-రోడియం వల మీద మండించేటప్పుడు పక్కదారిలో నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది, వల కింద ఇంకో ఉత్ప్రేరకాన్ని పరిస్తే చాలావరకు అక్కడే చస్తుంది. ముప్పై కిలోమీటర్ల పైన ఎండకు వందేళ్లకు పైగా పట్టే పనిని, ఓజోన్‌కు హాని చేసే ఆ పది వంతుల పక్కదారి లేకుండా, గొట్టంలోనే కళ్లు మూసి తెరిచేలోగా చేయవచ్చు. అలాంటప్పుడు దాన్ని పైకి ఎందుకు పంపాలి?

దీనికి మీ దగ్గర నమూనా కూడా ఉంది. హైడ్రోక్లోరోఫ్లోరోకార్బన్-22 తయారీలో అనుకోకుండా పుట్టే హైడ్రోఫ్లోరోకార్బన్-23ను సాధ్యమైనంత మేరకు నాశనం చేయాలని కిగాలీ సవరణలో రాసుకున్నారు. అది సరుకు కాదు, ఎవరూ అమ్ముకోవడానికి చేసేది కాదు, తయారీలో పుట్టే చెత్త. అడిపిక్, నైట్రిక్ ఆమ్లాల కర్మాగారాల్లోని నైట్రస్ ఆక్సైడ్ కూడా అచ్చం అలాంటిదే. ఆ నిబంధనలో పదార్థం పేరు మార్చి రాస్తే ముసాయిదాలో సగం పని అయిపోతుంది.

ఎవరు ఎంత వదిలారో తేల్చలేం అన్న మాట కూడా ఒప్పుకోలేను. ఎండ ఇక్కడ మనకు ఒక ఉపకారం చేసిపెట్టింది. తేలిక నైట్రోజన్ ఉన్న నైట్రస్ ఆక్సైడ్‌ను కాంతి కొంచెం సులువుగా విడగొడుతుంది, బరువైన నైట్రోజన్, ఆక్సిజన్ ఉన్నదాన్ని కొంచెం కష్టంగా. 1997లో యుంగ్, మిల్లర్ దీనికి కారణం చెప్పారు. అందువల్ల స్ట్రాటో ఆవరణం నుంచి దిగివచ్చే గాలిలో బరువైన అణువుల పాలు ఎక్కువ. ఎరువు వేసిన నేలల్లోంచి వచ్చేదానిలో తేలికవి ఎక్కువ. టాస్మేనియాలోని కేప్ గ్రిమ్‌లో 1978 నుంచి సిలిండర్లలో దాచిపెట్టిన గాలినీ, అంటార్కిటికా మంచులో ఇరుక్కున్న గాలినీ పరీక్షిస్తే, వాతావరణంలోని నైట్రస్ ఆక్సైడ్ ఏళ్లు గడిచేకొద్దీ తేలికవుతున్నట్టు తేలింది. పెరుగుదలలో పెద్ద వాటా ఎరువులదేనని అది పట్టిస్తోంది. నేల మీది కొలతల పదును మీరు ఇదివరకే చూశారు కూడా. 2012 తర్వాత క్లోరోఫ్లోరోకార్బన్-11 ఉద్గారాలు మళ్లీ పెరిగిన సంగతి 2018లో బయటపడింది. మరుసటి ఏడాదికి అందులో పెద్ద భాగం ఎటువైపు నుంచి వస్తోందో కూడా తెలిసింది, కొన్నాళ్లకే అవి తగ్గాయి. కాగితం మీది నివేదికలు చెప్పని నిజం గాలి చెప్పింది.

అయితే నేల మీది కొలతలు వాయువు లోపలికి రావడాన్ని చూపిస్తాయి, బయటికి పోవడాన్ని చూపించవు. వెలుతురు దాన్ని ఎంత వేగంగా తీసేస్తోందో చూడాలంటే పైపొరలను అంచు వైపు నుంచి, పొర పొరగా చూసే ఉపగ్రహాలు కావాలి. 2004లో ఎగిరిన ఆరా ఉపగ్రహం మీది సూక్ష్మతరంగ పరికరం ఆ పనే చేసింది. దాని కొలతలతోనే 2005–2021 మధ్య నైట్రస్ ఆక్సైడ్ ఆయుష్షు కొంచెం తగ్గిందని, గాలి పైకి తిరిగే తీరు మారడమే కారణమని లెక్క తేలింది. ఐదేళ్ల కోసం కట్టిన ఉపగ్రహం ఇరవై ఏళ్లు దాటి నడిచింది. రెండేళ్ల కోసం 2003లో పంపిన కెనడా ఉపగ్రహం సైశాట్ కూడా ఇరవై ఏళ్లు దాటింది. ఇలా ముసలి యంత్రాల దయ మీద ప్రపంచపు ఓజోన్ లెక్కలను నడపడం నాకైతే సిగ్గుగా ఉంది. వియన్నా కన్వెన్షన్ కింద జరిగే ఓజోన్ పరిశోధన నిర్వాహకుల సమావేశాల్లో ఈ మాట చాలాసార్లే వచ్చింది. వాళ్లు చెప్పడం, మీరు నమోదు చేసుకోవడం మామూలైపోయింది. ఈసారి మీ ప్రభుత్వాల అంతరిక్ష సంస్థలకు నేరుగా రాయండి.

ఇక పద్ధతి విషయం. సవరణ ప్రతిపాదనకు వందల దేశాల సంతకాలు అక్కర్లేదు, ఒక్క పక్షం పంపినా చాలు. సమావేశానికి కనీసం ఆరు నెలల ముందు ఆ ప్రతి అందరికీ చేరాలన్నదే నియమం. హైడ్రోఫ్లోరోకార్బన్ల మీద మొదటి ప్రతిపాదనను 2009లో పెట్టినవి పెద్ద దేశాలు కావు, మైక్రోనీషియా, మారిషస్. కిగాలీ దాకా రావడానికి ఏడేళ్లు పట్టింది. నైట్రస్ ఆక్సైడ్‌కూ ఏడేళ్లు పడుతుందనే అనుకుందాం. ముసాయిదాలో పరిశ్రమలకు ఒక అధ్యాయం, వ్యవసాయపు లెక్కల మీద ఒక అధ్యాయం చాలు. ఈ ఏడాది మీ శాస్త్రీయ అంచనా బృందాన్నీ, సాంకేతిక, ఆర్థిక బృందాన్నీ పరిశ్రమల వరకు ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి నివేదిక ఇమ్మని అడగండి. ఆ నివేదిక చేతికొచ్చేసరికి ప్రతిపాదన పంపే దేశం ఏదో మీలో మీరు తేల్చుకుని ఉండండి.

ఇట్లు,
కాంతి రసాయనం పాఠాలు చెప్పుకునే ఒక ఉపాధ్యాయుడు